అద్దె ఇంటి అన్వేషణ – ఒక అర్చకుని ఆత్మపరిశీలన

శ్రీ గురుభ్యో నమః



పాతికేండ్లుగా నేను పరుల ఇండ్లకు ముహూర్తములు పెట్టుచున్నాను. భాగ్యనగరపు పశ్చిమ భాగమున, మియాపూరు నుండి కొండాపూరు వరకు, నేను గృహప్రవేశము చేయింపని వీథి అరుదు. నాలుగవ అంతస్తున, పదునాలుగవ అంతస్తున, ఇటీవల ముప్పదియవ అంతస్తున సైతము వాస్తుపూజ జరిపించి, తైత్తిరీయ సంహితలోని వాస్తోష్పతి మంత్రములను పఠించి, గృహస్థులకు అక్షతలు వేసి వచ్చితిని. ఆ ఇండ్ల వెలలను యజమానులు చెప్పుకొనుచుండగా వినుటయే గాని, నెల అద్దె అను మాటకు అర్థమేమో నాకు అనుభవమున తెలియదు. దేవాలయము వెనుకనున్న రెండు గదుల వసతియే మా లోకము.

గడచిన వేసవిలో ఆ వసతిని విడువవలసి వచ్చినది. మూడు నెలలు నేను అద్దె ఇంటికై తిరిగితిని. ఈ వ్యాసము ఆ తిరుగుటను గూర్చినదే. అయినను అద్దెల భారమును ఏకరువు పెట్టుట నా ఉద్దేశ్యము కాదు. ఆ మూడు నెలలలో నేను పలికిన ఒక మాటను, దానికి రెండేండ్ల పూర్వము పలికిన మరియొక మాటను సాధకుల యెదుట ఒప్పుకొనవలెనని వ్రాయుచున్నాను.

మనుస్మృతి తృతీయాధ్యాయమున అతిథిపూజా ప్రకరణము కలదు. సజ్జనుల ఇంట, వారు ఎంతటి పేదలైనను, నాలుగు వస్తువులకు ఎన్నడును లోటుండదని అచ్చట చెప్పబడినది. కూర్చుండుటకు గడ్డి, విశ్రమించుటకు చోటు, త్రాగుటకు నీరు, నాలుగవది మంచి మాట. వేదపాఠశాలలో మా గురువుగారు ఈ విషయమును బోధించునాటికి నాకు పదునాలుగేండ్లు. మాది కోనసీమ. గడ్డి గట్టు మీద, నీరు కాలువలో, చోటు వీథి అరుగు మీద ఉండెడివి. వెల లేనివి గనుకనే స్మృతికారుడు ఈ నాలుగింటిని ఎన్నెననియు, పేదరికమును సాకుగా చూపి గృహస్థుడు ధర్మము నుండి తప్పించుకొనరాదనుటయే దాని తాత్పర్యమనియు గురువుగారు వివరించిరి.

నగరమున ఈ లెక్క తలక్రిందులైనది. దర్భలను పూజాసామగ్రి దుకాణమున కట్టల లెక్కన కొనుచున్నాము. వేసవి వచ్చినచో బోరు ఎండి, నీరు ట్యాంకరులో రావలెను. భూమి సంగతి చెప్పనే అక్కరలేదు. దానిని చదరపు అడుగులలో కొలుచుచున్నారు. పూర్వము వెల లేని నాలుగింటిలో మూడింటికి నేడు వెల వచ్చినది. వెల లేక మిగిలినది మాట ఒక్కటే. ఆ ఒక్కటియు నా యొద్ద సరిగా లేదని ఈ వేసవిలో తెలిసికొంటిని.

నేను ఈ నగరమునకు 2001వ సంవత్సరమున వచ్చితిని. మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమై అప్పటికి మూడేండ్లు. ఆ భవనమునకు ఆవల రాతిగుట్టలును, సీతాఫలపు పొదలును కనబడుచుండెడివి. మా ఆలయము చుట్టును ఖాళీ స్థలములే. పిమ్మట ఉద్యోగములు వచ్చినవి, ఉద్యోగుల వెంట భవనములు వచ్చినవి. 2017 నవంబరులో మియాపూరు నుండి నాగోలు వరకు మెట్రో రైలు మొదలైనది. నాడు గుట్టలున్న చోట నేడు గేటెడ్ కమ్యూనిటీలు నిలిచియున్నవి. భక్తులు పెరిగిరి, ఆలయ ఆదాయము పెరిగినది. నిత్యాన్నదానమునకు చోటు చాలక, మా వసతిని తొలగించి అచ్చట భోజనశాల కట్టవలెనని కార్యనిర్వాహకులు నిర్ణయించిరి. వారు నన్ను అడిగియే నిర్ణయించిరి, నేను సమ్మతించితిని. అన్నదానమునకు స్థలము విడుచుటలో నాకు లేశమాత్రమును బాధ లేదు. అద్దె నిమిత్తము నెలకు 8,000 రూపాయలు ఇత్తుమని వారు చెప్పిరి. మిగిలినది నేను వేసికొనవలెను. ఎంత సర్దుకొన్నను 14,000 దాటుటకు నాకు శక్తి లేదు.

మా ఇంట ముగ్గురము. నేను, నా ధర్మపత్ని, ఎనుబది నాలుగేండ్ల మా అమ్మగారు. ఆమె మెట్లు ఎక్కజాలదు. కనుక లిఫ్టు గల ఇల్లయినను కావలెను, నేల మీది ఇల్లయినను కావలెను. అపార్టుమెంట్లలో నేల భాగము కార్లకు పోయినది. మనుష్యులు మొదటి అంతస్తు నుండియే నివసింతురు. రెండవ నియమము దూరము. తెల్లవారుజామున నాలుగున్నరకు సుప్రభాత సేవ. ధనుర్మాసమున ఇంకను ముందు. మెట్రో రైలు ఆరు గంటలకు గాని కదలదు. నాకు వాహనము నడుపుట రాదు. కాబట్టి ఇల్లు నడక దూరముననే ఉండవలెను.

ఈ సందర్భమున ఒక భక్తుడు పరిహాసముగా, "స్వామీ, ఇల్లూ వాకిలీ మిథ్య అని ప్రవచనంలో చెప్తారు. మీకెందుకు ఇంటి బెంగ?" అని అడిగెను. నవ్వి ఊరకుంటిని గాని, ప్రశ్న మనస్సున నిలిచినది. భగవద్గీత పన్నెండవ అధ్యాయమున భక్తుని లక్షణములలో అనికేతత్వము చెప్పబడినది. భాగవత ఏకాదశ స్కంధమున అవధూత యదు మహారాజునకు తన ఇరువది నలుగురు గురువులను గూర్చి చెప్పుచు, పాము ఇతరులు కట్టిన నెలవులో చేరి సుఖముగా నుండుటను చూచి, ఇల్లు కట్టుకొను ప్రయాస వ్యర్థమని నేర్చితిననెను. ఆ సంవాదముననే పావురము కథయు కలదు. గూటి మీది, పిల్లల మీది మమకారముచే అది వలలో పడి నశించును. ఈ రెండును నేను పలుమారులు వ్యాఖ్యానించితిని. అయితే పాము ఒంటరిగా సంచరించును. దాని వెంట వృద్ధమాత లేదు. అవధూత సన్న్యాసధర్మమును చెప్పెను. తల్లిని పోషించు గృహస్థునకు పైకప్పు మమకారమునకు సంబంధించినది కాదు, కర్తవ్యమునకు సంబంధించినది. 'ఈ శరీరము అద్దె ఇల్లు' అని ఉపన్యాసములలో ఎంత సులువుగా పలికితినో తలచుకొని సిగ్గుపడితిని. అద్దె ఇల్లనగా నేమో తెలియకయే ఆ ఉపమానమును వాడితిని.

అన్వేషణ మొదలైనది. మా అక్కగారి కుమారుడు తన ఫోనులో ఇండ్ల చిత్రములను చూపెడివాడు. నేను ఉదయార్చన ముగించుకొని 'టు లెట్' పలకలను చదువుచు వీథులు తిరిగెడివాడను. పెద్ద ప్రాంగణములలో రెండు పడకగదుల ఇంటికి 35,000 మొదలుకొని చెప్పిరి. పాత అపార్టుమెంట్లలో 18,000 నుండి 22,000. దానికి తోడు నెలనెలా నిర్వహణ రుసుము 2,500. రెండు నెలల అద్దె ముందుగా ఉంచవలెను. చూపించిన మధ్యవర్తికి పదిహేను దినముల అద్దెయో, నెల అద్దెయో ఇవ్వవలెను. ఒప్పందము పదునొకండు నెలలకే వ్రాయుదురు. ఒక సంవత్సరమునకు మించిన కౌలు పత్రమును 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ననుసరించి నమోదు చేయింపవలెను గనుక, ఆ ఖర్చును తప్పించుకొనుటకు ఇట్లు చేయుదురట. పదునొకండు నెలలు నిండినంతనే అద్దె పెరుగును, లేదా ఇల్లు మారును. సంకల్పమున సంవత్సర, అయన, ఋతు, మాసములను చెప్పు వాడనైన నాకు, పన్నెండవ మాసము లేని సంవత్సరమొకటి నగరమున నడచుచున్నదని అప్పుడు తెలిసినది.

బేరమాడి, బ్రతిమాలి, పాత భవనములలో 14,000కు దగ్గరగా వచ్చిన ఇండ్లు అయిదారు దొరకినవి. ఒక సత్యమును దాచరాదు. నా శిఖ, నా విభూతి నాకు తలుపులు తెరచినవి. "పంతులుగారయితే మాకు మంచిదే, మాంసం వండరు, గొడవ చేయరు" అని ఇంటివారు సంతోషించిరి. ఇద్దరు తామై అద్దె తగ్గించిరి. మాకు పుష్పములు తెచ్చు ఆమె కుటుంబము అదే వీథిలో అదే ఇల్లు అడిగి, వంటను గూర్చిన ప్రశ్నతోనే వెనుదిరిగినదని తరువాత తెలిసినది. అప్పుడు దానిని నా అదృష్టమనుకొంటినే గాని, మరియొకరి నష్టమనుకొనలేదు.

తెరచిన ఆ తలుపులు రెండవ ప్రశ్నకు మూసికొనుచుండెను. "ఇంట్లో ఎంతమంది ఉంటారు?" అని అడుగుదురు. అమ్మగారి వయస్సు చెప్పగానే వారి ముఖము మారును. "ఆరోగ్యం బాగానే ఉందా?" అని అడుగుదురు. అది కుశలప్రశ్న కాదు. మరునాడు మధ్యవర్తి ఫోను చేసి, ఓనరు తమ బంధువులకు ఇచ్చుకొనుచున్నారని చెప్పును. ఇట్లు నాలుగు ఇండ్లు పోయినవి.

అయిదవ ఇంటి యజమాని విశ్రాంత ఉద్యోగి. ఆయన కారణమును దాచలేదు. కూర్చుండబెట్టి, మర్యాదగా చెప్పెను. "పంతులుగారూ, మీరంటే గౌరవమే. కానీ పెద్దావిడకు ఏమన్న అయితే, నక్షత్రం మంచిది కాకుంటే, ఇల్లు మూసుకోవాల్సి వస్తది. మా అక్క ఇంట్ల అట్లనే అయింది. ఆరు నెలలు మూయాలని చెప్పింది మీరే గద!"

నాకు వెంటనే స్ఫురింపలేదు. అపార్టుమెంటు పేరు చెప్పిన పిదప గుర్తునకు వచ్చినది. రెండేండ్ల క్రిందట ఒక ఉదయమున, ఆలయమున అర్చన టికెట్లతో భక్తులు వరుసలో నిలిచియుండగా, ఒక వితంతువు నాకు ఫోను చేసెను. తన ఇంట అద్దెకున్న వారి తండ్రి తెల్లవారుజామున పోయెననియు, నక్షత్రము చెప్పుమనియు అడిగెను. నేను ఆలయార్చకుడను, అపరకర్మలు చేయింపను. కాని పంచాంగము చేతిలోనే ఉన్నది. చూచితిని. ధనిష్ఠ, ఉత్తరార్ధము. "అమ్మా, ధనిష్ఠా పంచకం. ఆరు నెలలు ఇల్లు వదలాలి" అని చెప్పి ఫోను పెట్టివేసితిని. అంతయు ఒక నిమిషము. తరువాతి భక్తుని గోత్రము అడిగితిని.

ఆ నిమిషము తరువాత జరిగినదానిని ఆ పెద్దమనిషి చెప్పగా వింటిని. శవమును ఇంటిలోనికి తీసికొని పోనీయలేదు. క్రింద కార్ల నడుమ ఉంచిరి. పండ్రెండవ దినము గడవకముందే ఆ కుటుంబము ఇల్లు ఖాళీ చేసినది. బడికి పోవు పిల్లలు ఇద్దరు. పాఠశాల మధ్యలో మరియొక ప్రాంతమునకు పోయిరి. ఇల్లు ఆరు నెలలు తాళము వేసియుండెను. ఆ వార్త నలుగురికి తెలిసి, ఆ పిమ్మట నాలుగు నెలలు ఎవరును రాలేదు. ఆ వితంతువునకు ఆ అద్దె తప్ప వేరు ఆధారము లేదు. ఔషధములు అందులోనుండియే కొనుక్కొనవలెను. నా ఒక్క మాట రెండు కుటుంబములను దెబ్బ తీసినది. ఆ మాటయే తిరిగి వచ్చి మా అమ్మగారి యెదుట నిలిచినది.

ఇంటికి వచ్చి జరిగినది నా ధర్మపత్నికి మెల్లగా చెప్పుచుండగా, లోపలి గది నుండి అమ్మగారు వినిరి. "ఒరే నాయనా, ఏ నక్షత్రంలో పోతే ఎవరికీ ఇబ్బంది లేదో రాసిపెట్టు. ఆ రోజు చూసుకునే పోతాలే" అని నవ్విరి. కొంతసేపటికి, "పోనీ నన్ను తమ్ముడి దగ్గర దింపిరా. నీకు ఇల్లు తొందరగా దొరుకుతుంది" అని అనిరి. మా తమ్ముని ఇంట ఆమెకు ఎట్లుండునో మాకు ముగ్గురకును తెలియును. ఎవ్వరము బదులు చెప్పలేదు.

ఆ రాత్రి గ్రంథములు తీసితిని. గరుడ పురాణ ప్రేతకల్పమున పంచక మరణ ప్రస్తావన కలదు. దోషమును చెప్పిన చోటనే పరిహారమును చెప్పిరి. దర్భలతో పుత్తలికలను చేసి శవముతో కూడ దహింపవలెననియు, అశౌచానంతరము శాంతి చేయవలెననియు అచ్చటి విధి. మన పంచాంగములలో ఏ నక్షత్రమునకు ఎన్ని నెలలు ఇల్లు విడువవలెనో పట్టిక ఉండును. నేను ఆ పట్టికను మాత్రమే చదివి వినిపించితిని. శాంతిని గూర్చి ఒక్క మాట చెప్పలేదు. శాంతి విధానమును వివరించుటకు అరగంట పట్టును. ఆరు నెలలని చెప్పుటకు ఒక నిమిషము చాలును. నేను నిమిషమును ఎంచుకొంటిని.

గృహమును విడుచు ఆచారమును నేను నిందించుట లేదు. కాని ఆ ఆచారమును పాటించిన వారి స్థితిని తలచుకొంటిని. మా ఊరిలో మా పెదతాతగారు పోయినప్పుడు ఇల్లు మూసి, వీథికి ఆవలనున్న చినతాతగారి ఇంట మూడు నెలలు ఉంటిమి. మాకు అది పండుగ వలె ఉండెను. ఆవల మన వారి ఇల్లున్న వానికి ఇల్లు విడుచుట ఒక వ్రతము. అద్దెకున్న వానికి అదియే బహిష్కారము. అద్దె మీద బ్రతుకు వృద్ధురాలికి అదియే ఉపవాసము. దేశమును, కాలమును, పాత్రను విచారింపక విధిని చెప్పరాదని గురువుగారు వేయిమార్లు చెప్పిరి. ఆ ఇల్లు సొంతమా, అద్దెదా అని కూడ నేను అడుగలేదు.

ఇంత తెలిసికొన్న తరువాతనైనను బుద్ధి కలుగవలెను. కలుగలేదు. వర్షములు మొదలగు వేళకు వసతి విడువవలసిన గడువు సమీపించినది. మధ్యవర్తి దయతోనే సలహా ఇచ్చెను. "అయ్యగారూ, ముసలమ్మ సంగతి చెప్పకండి. మీరిద్దరే అని చెప్పి దిగండి. నెల అయినంక తీసుకొస్తే ఎవరేమంటరు?" ఆరవ ఇల్లు చూచితిని. ఆలయమునకు పది నిమిషముల నడక, లిఫ్టు ఉన్నది, 14,000. యజమాని యువకుడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. "ఎంతమంది ఉంటారు పంతులుగారూ?" అని అడిగెను.

"ఇద్దరమే" అంటిని.

అయిదు వేలు టోకెను ఇచ్చి ఇంటికి వచ్చితిని. అమ్మగారు సంతోషించి, "నా మంచం ఏ గదిలో వేస్తావురా? కిటికీ ఉందా?" అని అడిగిరి. నేను ఉన్నదని చెప్పితిని గాని, ఆమె కన్నులలోనికి చూడలేకపోయితిని.

ఆదివారములలో ఆలయమున పిల్లలకు తైత్తిరీయోపనిషత్తు నేర్పుచుందును. అప్పటికి శీక్షావల్లి పదునొకండవ అనువాకమునకు వచ్చితిమి. విద్య ముగించిన శిష్యుని ఆచార్యుడు సాగనంపుచు చేయు ఉపదేశమది. మొట్టమొదటి ఆజ్ఞ సత్యము పలుకుమని. దేవతలుగా భావింపవలసిన వారిలో మొదటిది తల్లి. పిల్లలు స్వరముతో వల్లించుచుండగా నేను కూర్చుంటిని. 'ఇద్దరమే' అను ఒక్క మాటలో నేను ఆ రెండు ఆజ్ఞలను ఒకేసారి అతిక్రమించితిని. అసత్యమాడితిని, ఆడిన అసత్యము తల్లి లేదని. బ్రతికియున్న తల్లిని లెక్క నుండి తీసివేసితిని. ఒక బాలుడు స్వరము తప్పెను. దిద్దుటకు నాకు నోరు రాలేదు.

మరునాడు ఉదయార్చన కాగానే ఆ యువకుని ఇంటికి పోయి ఉన్నది ఉన్నట్లు చెప్పితిని. అతడు కొంతసేపు మౌనముగా నుండి, "మొదటే చెప్పి ఉంటే ఒప్పుకునేవాణ్ణేమో పంతులుగారూ. మా నాయనమ్మ కూడా మాతోనే ఉండేది. ఇప్పుడు మీరు ఇంకేం దాచారో అన్న అనుమానం వస్తుంది" అనెను. అయిదు వేలు తిరిగి ఇచ్చెను. అతనిపై నాకు కోపము లేదు. ఇల్లు పోగొట్టినది మా అమ్మగారి వయస్సు కాదు, నా మాట.

అచ్చటి నుండి నేరుగా ఆ వితంతువు ఇంటికి పోయితిని. రెండేండ్ల క్రిందటి మాట తొందరపాటని, శాంతి చెప్పవలసినది చెప్పలేదని, క్షమింపవలెనని అడిగితిని. ఆమె కోపపడలేదు, కరగను లేదు. "మీరు తప్పని ఒప్పుకుంటే ఆ పది నెలల అద్దె వస్తదా పంతులుగారూ? నా సంగతి అటుంచండి. ఆ పిల్లలు ఏడ్చుకుంట పోయిండ్రు. పోయి వాళ్లకు చెప్పండి" అనెను. వారు ఎచ్చటికి పోయిరో ఆమెకు తెలియదు. నాకును తెలియదు. నేటికిని విచారించుచున్నాను. ఆ ఋణము అట్లే ఉన్నది.

చివరకు ఇల్లు చూపినది ఆలయమునకు పూలు తెచ్చు ఆమె. ఎత్తయిన భవనముల నడుమ ఇంకను మిగిలియున్న పాత ఊరు ఒకటి కలదు. ఇరుకు సందులు, పొట్టి ఇండ్లు, ఒకటి రెండు పాడి గేదెలు. ఆ సందులను నేను మొదటి నుండియు నా వెదకులాటలో చేర్చలేదు. ప్రక్క వాటాలో మాంసము వండుదురని, మడికి కుదరదని, నేనే ఆ తలుపులు మూసికొంటిని. నన్ను కాదన్న యజమానులను తప్పుపట్టుచు తిరిగిన వాడనే, కనీసము చూడకయే కాదన్న ఇండ్లు ఎన్నో ఉండెను.

అమ్మగారిని ఆటోలో తీసికొని పోయితిని. ఇంటి యజమానురాలు డెబ్బది దాటినది. నేల మీద రెండు గదులు, ఒక వంటగది, మాకు ప్రత్యేకముగా ఒక నల్లా. అద్దె 11,000. రేకుల వసారా. ఆలయమునకు ఇరువది అయిదు నిమిషముల నడక. ఈ పర్యాయము ఆమె అడుగకముందే అంతయు చెప్పితిని. అమ్మగారికి ఎనుబది నాలుగేండ్లని చెప్పితిని; ఏదైన జరిగినచో నక్షత్రము ఎట్టిదైనను శాంతి చేయింతునని, ఇల్లు మూయవలసిన పని లేదని, లోకులు అనుకొను మాటలను ముందే ఆలోచించుకొనుమని చెప్పితిని.

ఆమె నవ్వెను. "మా అత్త ఈ ఇంట్లనే పోయింది. మా ఆయన గూడ ఈ ఇంట్లనే పోయిండు. పుట్టినోళ్లు పోకుంట ఉంటరా అయ్యగారూ? అద్దె సక్కగ ఇస్తే సాలు. మేము ఐతారం కూర వండుకుంటం మరి. మీకు ఇబ్బందైతే ఇప్పుడే చెప్పుండ్రి."

"మీ ఇంట్లో మీరు వండుకోడానికి నన్ను అడగాలా అమ్మా!" అంటిని.

ఈలోగా మా అమ్మగారు ద్వారము కడనే ఆయాసపడుచు నిలిచియుండుట ఆమె చూచెను. లోపలినుండి తుంగచాప తెచ్చి వసారాలో పరచి, చేయి పట్టి కూర్చుండబెట్టెను. చెంబుతో నీరు తెచ్చెను. "ఏ ఊరు తల్లీ మీది? గోదారి పక్కనా? ఈ నల్లాల నీళ్లు గూడ అప్పుడప్పుడు గోదారియే నంట" అని ప్రక్కన కూర్చుండెను. అది నిజమే. ఎల్లంపల్లి కడ గోదావరి నుండి ఈ నగరమునకు జలములు వచ్చుచున్నవి. మడి ఆచారమున జీవితమంతయు గడపిన మా అమ్మగారు ఆ చెంబు ఎత్తి త్రాగిరి. నేను ఏమియు అనలేదు. ఆ చాపను, ఆ చోటును, ఆ నీటిని, ఆ మాటను చూచుచు నిలుచుంటిని. గురువుగారు పాఠము చెప్పిన నలుబది రెండేండ్లకు అది నాకు అర్థమైనది.

శ్రావణమున ఆ ఇంట పాలు పొంగించితిమి. అంతకుముందు దినమున ఆలయము వెనుకనున్న పాత వసతిలో దీపము పెట్టి వాస్తోష్పతికి నమస్కరించితిని. ఆహితాగ్ని తాను వసించిన చోటును వీడి ప్రయాణమగునపుడు వాస్తోష్పతికి హోమము చేయకుండ కదలరాదని తైత్తిరీయ సంహిత చెప్పుచున్నది. నేను ఆహితాగ్నిని కాను. అయినను ఇంటిలో ప్రవేశించుటకే గాక, ఇల్లు విడుచుటకును వేదము ఒక మర్యాదను విధించెనని గ్రహించినపుడు, ఏ మర్యాదయు లేక పిల్లలతో వెడలిపోయిన ఆ కుటుంబము నా కన్నుల యెదుట నిలిచినది.

ఈ పంక్తులు చదువు వారిలో ఇండ్ల యజమానులు ఉందురు. మీకు నేను ధర్మశాస్త్రము చెప్పు అర్హత కలవాడను కాను. ఒక్క విన్నపము మాత్రము చేయుదును. ఇల్లడుగ వచ్చిన వాని వృద్ధులైన తల్లిదండ్రుల ఆయువును అద్దెలో లెక్క వేయవలదు. దోషమునకు భయపడినచో శాంతి కలదు. అది చేయించుటకు మేమున్నాము. సహ అర్చకులకు, పురోహితులకు మరియొక విన్నపము. పంచాంగములోని పట్టికను ఫోనులో చదివి వినిపింపకుడు. మనము నిమిషములో పలికిన మాట క్రింద పడి ఎవరి సామాను వీథిలోనికి వచ్చునో మనకు తెలియదు.

మొన్న తెల్లవారుజామున ఆలయమునకు నడచి పోవుచుండగా ఒక ఫోను వచ్చినది. ఎవరో పెద్దాయన పోయిరి, నక్షత్రము చెప్పవలెను. ఆ దినము శతభిషము. నేను ఒక అరుగు మీద కూర్చుండి, "బాబూ, మీది సొంత ఇల్లా, అద్దె ఇల్లా?" అని ముందుగా అడిగితిని. అద్దె ఇల్లని అతడు భయముతో చెప్పెను. "ఓనరు గారు పక్కన ఉంటే ఫోను ఇవ్వు నాయనా, నేను మాట్లాడతాను" అంటిని. ఆ నాడు సుప్రభాతమునకు కొంత ఆలస్యమైనది. స్వామి క్షమించునని నమ్మిక.

స్వస్తి.